ఎత్తిన ఎడమచెయ్యి

"కాస్త ఊపిరి బిగపట్టు," అంటూ ఆమె గొరిల్లా వీపు కుట్టడం మొదలుపెట్టింది. జిప్పు కెమెరాకు కనబడుతుందని ప్రతి షాటుకూ మొగుణ్ణి ఆ గొరిల్లా తోలు లోపల పెట్టి దారంతో కుట్టేస్తుంది. షాటయ్యాక కత్తెరతో విప్పుతుంది. పెళ్లయిన నాటినుంచీ ఇదే కాపురం.

భూకంపాల సినిమాల్లో అతను అట్టమేడలు కూల్చాడు. వరదల సినిమాల్లో బొమ్మరైళ్లు విసిరాడు. హీరోల చేతిలో చచ్చి చచ్చి బతికాడు. ఇప్పుడు అలాంటివి ఎవరూ చూడరట. అదే తోలుకు పూలగౌను తొడిగి కామెడీలోకి దించారు.

లోపల గాలాడకపోతే ఎడమచెయ్యి ఎత్తడం అతని గుర్తు. ఎత్తగానే షూటింగు ఆగిపోయేది. నిన్న పిండిబస్తా వచ్చి మీద పడితే ఊపిరాడక ఎత్తాడు. అందరూ పడీపడీ నవ్వారు. డైరెక్టరైతే ఆపకపోగా, "భలే ఉందయ్యా, ప్రతి సీన్లోనూ ఎత్తు," అన్నాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

"మానేయ్. ఇంటికి పోదాం," అంది సూది ఆపి.

"ఊరుకోవే. ఇకనుంచి కాలు రెండుసార్లు నేలకేసి కొడతాను. అప్పుడు రా," అన్నాడతను, తల తొడిగించుకుంటూ.

ఆ మాటే ఆమె డైరెక్టరుకూ చెప్పింది. "అలాగేనమ్మా, పక్కకు జరుగు," అన్నాడు ఆమె మొహమైనా చూడకుండా.

షాటు మొదలైంది. గొరిల్లా హోటల్లో దూరి బల్లలు తిరగేసింది, జారిపడింది, లేచింది. ఎడమచెయ్యి ఎత్తింది. ఒకటే నవ్వులు. ఆమె కాళ్లవంకే చూస్తోంది. కాళ్లు కదల్లేదు. చెయ్యి దిగలేదు.

ఊపిరాడని మనిషికి పొద్దుటి ఒప్పందం గుర్తుంటుందా? ఏళ్లతరబడి అలవాటైన చెయ్యే లేస్తుంది. ఆ ముక్క ఆమెకు తట్టేసరికి గొరిల్లా మోకాళ్లమీద కూలింది. ఇంకా పెద్దగా నవ్వారు.

ఆమె కత్తెరతో పరిగెత్తింది.

"కెమెరాకి అడ్డం వస్తున్నావమ్మా," అన్నాడు డైరెక్టరు.

"నీ కెమెరా తగలబడ," అంటూ వీపు నిలువునా కోసేసింది. ఒళ్లంతా చెమట. వెచ్చగానే ఉన్నాడు. ఊపిరి మాత్రం లేదు.

"నటిస్తున్నాడనుకున్నాం," అని నసిగాడు డైరెక్టరు.

"అవును. నేనూ కాళ్లే చూస్తూ కూర్చున్నాను. మీ అందరితోపాటు నన్ను కూడా చెప్పుతో కొట్టాలి."

అతన్ని తీసుకుపోయారు. ఆమె వెంట వెళ్లింది. సాయంత్రం ఎవరో ఆ తోలును కొక్కేనికి తగిలించి దీపాలార్పారు. వంచినచోటే నిలబడాలని చేతుల్లో తీగ పెట్టి కుట్టింది ఆమే. వీపు చీలికతో వేలాడుతున్న ఆ తోలుకు ఎడమచెయ్యి ఇంకా ఎత్తే ఉంది.