ఒప్పుకోని నడుము

నేను ఒక కంచు బుడ్డిని. ఆ పొద్దున కోస్ దీవిలోని మా ఇంట్లో నన్ను వేడి చేయడం, నేను చల్లారిపోవడం చాలాసేపటినుంచి జరుగుతూనే ఉంది. లోపల నిప్పు వెలిగించి ఒంటికి అంటిస్తే నేను నొప్పిని లాగేస్తానని గ్రీకు వైద్యుల నమ్మకం. కానీ నడుము పట్టేసి పడుకున్న అత్తగారు ఫిలిన్న ఇంకా ఒప్పుకోలేదు.

అల్లుడు లైకోన్ వైద్యుడు. బానిసకైతే మందు ఇచ్చి మింగమనవచ్చు; స్వతంత్రులకు మాత్రం కారణం చెప్పి, సరే అనిపించాకే చెయ్యి వేయాలని గురువుగారు అతనికి నేర్పారు. ఆ గురువుగారికి అత్తగారు లేరేమో.

నా పుట్టుక గొప్పదేం కాదు. యుద్ధంలోంచి పారిపోయి వచ్చిన ఒకాయన శిరస్త్రాణాన్నీ, చిల్లుపడిన గంజిగిన్నెనూ కలిపి కరిగించి కంచరి నన్ను పోతపోశాడు. అందుకే నాకు శౌర్యం తక్కువ, ఆకలి ఎక్కువ. మొదట ఫిలిన్న భర్త చేతిలో పనిచేశాను. ఆయనా వైద్యుడే. దీవిలో నేను అంటుకోని వీపు లేదు, ఆయన భార్యది తప్ప. ఆయన పోయాక అల్లుడి చేతికి వచ్చాను.

అసలు గొడవ పడవ గురించి. అవతలి దీవిలో ఫిలిన్న చిన్నకూతురికి నెలలు నిండాయి. తెల్లవారితే పడవెక్కుతానని ఆవిడ పట్టు. నన్ను అంటించుకుని, నడుము నయమయ్యేదాకా అత్తగారు మంచం దిగకూడదని లైకోన్ అన్నాడు.

"ఏమండీ, అమ్మ చేతులు నేను పట్టుకుంటాను. మీరు అంటించెయ్యండి," అంది అతని భార్య మిర్టో.

"తప్పు. వైద్యం ఉన్నది రోగి మేలు కోసం."

"మేలంటే ఏమిటి నాయనా?" అంది అత్తగారు, బోర్లా పడుకునే.

లైకోన్ ముఖం వెలిగిపోయింది. నన్ను కిటికీలో పెట్టేసి మొదలుపెట్టాడు. చెప్పులు కుట్టేవాడి పనికి ఫలం చెప్పులు, పడవ కట్టేవాడి పనికి పడవ, వైద్యుడి పనికి ఆరోగ్యం అన్నాడు. నేను మళ్లీ చల్లారాను.

"చెప్పులు కుట్టించుకునేది నడవడానికా, అటక మీద పెట్టుకోవడానికా? చిన్నదాని కాన్పుకు అక్కరకురాని నడుము బాగుపడి నాకెందుకు?"

లైకోన్ నన్ను కిటికీలోంచి తీసి, మళ్లీ కిటికీలోనే పెట్టాడు.

"పడవలో నడుము మళ్లీ పట్టేస్తే?" అన్నాడు.

"పట్టెయ్యనీ. దానికి నేను ఒప్పుకుంటున్నా."

పొద్దుటినుంచి అతను కాచుకున్న మాట అదే. వేరే దానికి వచ్చింది.

మిగిలిన పగలంతా పెరట్లో పచార్లు చేశాడు. సాయంత్రం అందరూ బార్లీ రొట్టె చుట్టూ చేరినప్పుడు, ఎవరి ముఖమూ చూడకుండా మెల్లగా చెప్పాడు:

"రేపు అత్తయ్యగారు పడవెక్కుతున్నారు. ఆవిడ బరువు ఎత్తకూడదు. మూటలు మోయడానికి నేనూ వెళ్తున్నాను. దారిలో ఒప్పుకుంటారేమో, బుడ్డి కూడా సర్దండి."