ఒక్క ముద్ద మిగిలింది

పొద్దు వంగంగనే పొయ్యి మీద గట్క కుండ పెట్టుడు రజితకు రోజూ ఉన్న పనే. జొన్న రవ్వ పోసి తెడ్డుతోని తిప్పుకుంట, ఇంకో దిక్కు మునగాకు పప్పు పొంగకుంట చూసుకోవాలె. కేసముద్రం మార్కెట్ యార్డు ఎనక గల్లీల ఆ యాళ్లకు అందరిండ్లల్ల ఇదే హడావుడి. కాకపోతే రజిత వాళ్ల కుండ జర తిక్కది. ఎంత రవ్వ పోసినా, ఆ పూట ఇంట్ల ఎంతమంది తింటరో అన్ని ముద్దలే అయితయి. ఎక్కువ పోస్తే నీళ్లయి పొంగిపోతది. ఓ ముద్ద ఎక్కువొచ్చిందంటే చుట్టాలొస్తున్నట్టు, రజిత ఉరికి మంచం మీద మంచి దుప్పటి పరుస్తది. "మీ కుండల ఇయ్యాల ఎన్నొచ్చినయే?" అని గల్లీ ఆడోళ్లు గోడ అవతలికెళ్లి అడుగుడు మామూలే. కుక్కర్ల ఎంతైనా ఉడుకుతది గని, కుక్కరుకు ఇంత తెలివి యాడిది!

ఆ కుండ అత్త సాయమ్మ తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నది. వెనుకట ఒకసారి అది ఒక ముద్ద తక్కువ తీసింది. మామ గట్టయ్య పత్తి చేనుకు పోయిన దినమది. పోయినోడు పోయినట్టే, మళ్ల పానంతోని ఇంటికి రాలే. అప్పటి నుంచి ముద్దలు తీస్తుంటే సాయమ్మ భయంతోని ఏళ్ల మీద లెక్కవెడ్తనే ఉంటది.

ఈ వానకాలం సురువుల కుండ మళ్ల ఒకటి తక్కువ తీసింది. ఇంట్ల ఐదుగురు, ముద్దలు నాలుగు. రజిత పానం పానంల లేదు. యార్డుల హమాలీ పనికి పోయిన మొగడు రాజేందర్‌ను పిలిపించింది, బిడ్డ మౌనికను గడప దాటనియ్యలే. తీరా చూస్తే ఎవలకు ఏం కాలే. మూడేండ్ల కొడుకు సాగర్‌గాడు ముద్ద ముట్టకుంట మూతి తిప్పుకొని పండుకున్నడు, గంతే. ఇగ రోజూ అదే తంతు, రోజూ నాలుగే. రాజేందర్ నవ్వుకున్నడు గని రజితకు నవ్వు రాలే.

ఎట్ల వస్తది? అంగన్‌వాడి టీచర్ కళావతి వాణ్ని కాంటా మీద నిలబెట్టి నెత్తి కొట్టుకున్నది.

"రజితా, పోరడు ఎండుకపోతుండు. వచ్చేసారికి బరువెక్కకుంటే మానుకోట దవాఖానల ఉంచాల్సొస్తది. చెప్తున్న, ఇనుకో."

అప్పటి నుంచి పొద్దున రాగి జావ, పగటికి గుడ్డు, నడిమిట్ల పల్లి పట్టీలు, మాపటికి గట్క, ఆకుకూర పప్పు. చేసి చేసి రజిత రెక్కలు పడిపోయినయి. వాడు నోరు తెరిస్తే కద!

ఆ దినం పొద్దున గుట్టు బయటపడ్డది. గద్దె మీద సాయమ్మ, ఒళ్లె సాగర్‌గాడు. చాయిల బిస్కెట్ ముంచుడు, వాని నోట్ల పెట్టుడు.

"అత్తమ్మా! ఇది ఎన్ని దినాల నుంచి నడుస్తుంది?"

"ఏడుస్తుండు కదనే పసోడు. రెండు బిస్కెట్లకే కొంప మునిగిందా?"

"వాని కడుపెంత? నా పిడికెడంత. దాన్ని చాయితోని నింపితే బువ్వ యాడ పడ్తది?"

"నలుగురు పిల్లల్ని సాదిన. నాకే నేర్పుతున్నవా?"

రజిత బిస్కెట్ల డబ్బా తీస్కపోయి అటక మీద పెట్టింది. సాయమ్మ మూతి ముడుచుకొని గోడ దిక్కు తిరిగి పండుకున్నది. సాగర్‌గాడు పగలంత నేల మీద పొర్లి పొర్లి ఏడ్సిండు. వాడెంత ఏడ్సినా రజిత డబ్బా దించలే. ఆ కొట్లాటల ఆమె నోట్ల కూడ పొద్దటి నుంచి మెతుకు పడలే.

మాపటికి కుండ దించింది. నాలుగే. ఇంత చేసినా ఇయ్యాల కూడ వాడు తినడన్నట్టే. రజిత కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

గోలీ ఏసుకోవాలె గనక సాయమ్మ ముందుగాల తిన్నది. మౌనిక తిన్నది. రజిత ఓ ముద్ద కంచంల ఏసి, పప్పు పోసి సాగర్ ముంగట పెట్టింది. బతిమిలాడలే.

"తింటే తిను, లేకుంటే లేదు. బాపు లెక్క లారీ లోడు చేస్తవా?"

వాడు కాసేపు కంచం దిక్కు చూసిండు. చిన్న చిన్న ఉండలు చేసి వరుసగ పేర్చిండు. "బస్తా!" అని ఒకటి నోట్లేసుకున్నడు. ఇంకో బస్తా. ఇంకోటి. చూస్తుండంగనే కంచం ఖాళీ.

"లోడయింది!" అని చేతులు చాపిండు.

"తిన్నడే! నా బంగారం తిన్నడే!" సాయమ్మ అలకంత మరిచి మంచం మీదికెళ్లి లేచొచ్చింది. రజిత నవ్వుతుంది, ఏడుస్తుంది. ఆకలి ఒక్కసారే మీద పడ్డది. కంచం పట్టుకొని కుండ దగ్గరికి పోయింది.

అడుగున ఒక్కటే ముద్ద.

తినాల్సింది ఇద్దరు. తను, ఇంకా ఇంటికి రాని రాజేందర్.

రజిత కంచం కింద పెట్టింది. కోడలి మొఖం చూసి సాయమ్మ కుండలకు తొంగి చూసింది.

"ముట్టకు బిడ్డా. నువ్వు ముట్టకు."

రజిత ఆ ముద్ద రాజేందర్ కంచంల ఏసింది. పప్పు పోసి మీదికెళ్లి మూత పెట్టింది. ఫోన్ చేస్తే ఎత్తుతలేడు. మళ్ల చేసింది, ఎత్తుతలేడు. అదే గల్లీల ఉండే హమాలీల మేస్త్రి సక్రుకు చేసింది.

"సక్రన్నా, ఆయన యాడున్నడు?"

"బస్తాల కుప్ప మీదున్నడు చెల్లే. మబ్బు పట్టింది, లారీ నింపాలె..."

"కిందికి దిగుమను. ఇప్పుడే."

"కుండల ఎన్ని మిగిలినయి?"

"ఒకటి. నేనింకా తినలే."

"రాజేందరూ! దిగు బే! దిగు!" అని సక్రు అరుసుడు ఫోన్ల ఇనవడ్డది. ఆ ఎనకనే పెద్ద చప్పుడు, నలుగురు కేకలు. ఫోన్ కట్టయింది.

రజిత గడపల నిలబడ్డది. మళ్ల మళ్ల ఫోన్ చేసింది, ఎవలూ ఎత్తలే. సాయమ్మ మూత పెట్టిన కంచం ఒళ్లె పెట్టుకొని, దాన్ని రెండు చేతులతోని పట్టుకొని కూసున్నది. మౌనిక తమ్ముణ్ని దగ్గరికి తీసుకున్నది. గల్లీల ఏ అడుగు ఇనవడ్డా అందరి తలకాయలు లేస్తున్నయి.

ఆఖరికి రాజేందర్ వచ్చిండు. నెత్తి నిండ దుమ్ము, మోచేతికి గీరుకపోయిన గాయం.

"అడుగు బస్తాలు నానినయట. నేను దిగి రెండడుగులు ఏసిన్నో లేదో, కుప్పంత కూలింది," అన్నడు.

సాయమ్మ కంచం కొడుకు ముంగట పెట్టింది. తినేదాక కదలలే.

"నువ్వు తిన్నవా?" అని రాజేందర్ రజితను అడిగిండు.

"తిన్న," అన్నది రజిత. అప్పుడే ఆమె కడుపు అందరికి ఇనవడేటట్టు గుర్రుమన్నది. మౌనిక పక్కున నవ్వింది. రాజేందర్ తన ముద్దల సగం తీయబోతే రజిత గభాల్న ఎనక్కి జరిగింది.

"వద్దు! నువ్వే తినాలె. మొత్తం తినాలె."

రాజేందర్ కంచం నాకినట్టు తిన్నడు. అప్పుడు సాయమ్మ లేచింది. స్టూలేసుకొని అటక మీది డబ్బా దించింది. పొయ్యి మీద ఇన్ని పాలు పెట్టి, అల్లం దంచేసి, చాయి కాచింది. గిలాస, నాలుగు బిస్కెట్లు తెచ్చి కోడలి చేతుల పెట్టింది.

"కుండ గట్కనే లెక్కవెడ్తది. ఇది దాని లెక్కలకు రాదు. తాగు బిడ్డా."

సాగర్‌గాడు ఉరికొచ్చి చెయ్యి చాపిండు.

"నీకు లేదు పోరా," అన్నది సాయమ్మ. "ఇది మీ అమ్మకు."