మూడో ఆల్బంలో గొంతు

"మరగతం, ఇంకో నాలుగు కాఫీలు. ఒకదాంట్లో చక్కెర వద్దు" అని హాల్లోంచి దేవరాజన్ కేకేశాడు. పొద్దుటి నుంచి అది మూడో విడత. మరగతం సాంబారు కోసం వలుస్తున్న చిన్నుల్లిపాయలు పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, పాలగిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టింది. చక్కెర వద్దన్నది డ్రమ్ములు వాయించే ముకుందన్‌కి. ఆ ముగ్గురు మగవాళ్లలో ఎవరు ఎట్లా తాగుతారో ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లుగా తెలుసు. ఒకప్పుడు ఆమె కూడా ఆ హాల్లోనే చాప మీద కూర్చుని వాళ్లతోపాటు తాగేది. అప్పుడు కాఫీలు పెట్టి పంపేది దేవరాజన్ వాళ్ల అమ్మ మంగళం.

రెడ్డియార్‌పాళయంలోని ఆ ఇంట్లోనే 'ఉప్పుకాత్తు' పుట్టింది. ఉప్పుగాలి అని ఆ బ్యాండు పేరు. ఏడు దెబ్బల తాళంలో మొదలై ఉన్నట్టుండి పదకొండులోకి దూకే రాక్ పాటలు, ఒక్కొక్కటి పది పన్నెండు నిమిషాలు. వినేవాళ్లు తక్కువే అయినా మూడు ఆల్బములు తెచ్చారు. బాణీ, గిటారు దేవరాజన్‌వి. గొంతు మరగతానిది. మొదటి క్యాసెట్టు అట్ట మీద 'గాత్రం: ఆర్. మరగతం' అని ఉంది. రెండోది వచ్చేసరికి వాళ్లిద్దరికీ పెళ్లయింది. "ఇంటి కోడలి పేరు అంగట్లో అమ్మేదాని మీద ఏస్తారా?" అంది మంగళం. దాంతో 'ఎం.' అని ఒక్క అక్షరం మిగిలింది. మూడోదాని మీద అదీ లేదు. గొంతు మాత్రం మూడోదాంట్లోనే ఎక్కువ. ఆ తర్వాత కూతురు ఆర్తి పుట్టింది, బ్యాండు ఆగింది, కొన్నేళ్లకు మంగళం మంచాన పడింది. నాలుగేళ్లు ఆమెకు ఒళ్లు తుడిచి, అన్నం పెట్టి, మరగతమే సాగనంపింది.

ఈమధ్య ఎవరో ఆ పాటల్ని ఇంటర్నెట్లో పెట్టారు. వేలమంది విన్నారు. మూడో ఆల్బం చివరి పాట దగ్గర అందరూ ఆగిపోయారు. అది ఏ భాష, పాడిందెవరు అని అడిగారు. దేవరాజన్ ఒక ఇంటర్వ్యూలో నవ్వుతూ చెప్పాడు: "అది ఏ భాషా కాదు. మేం కల్పించిన శబ్దాలు. వాటికి అర్థం లేదు." ఆ మాటలు ఫోన్లో వింటున్నప్పుడు మరగతం ఆయన చొక్కాలే మడతపెడుతోంది. మడతపెట్టడం ఆపలేదు.

ఇప్పుడు మూడు ఆల్బములూ వరసగా వాయించే కచేరీ ఒకటి కుదిరింది. పాడడానికి చెన్నై నుంచి కవిప్రియ అనే అమ్మాయిని పిలిపించారు. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. "నువ్వు పాడి ఎన్నేండ్లాయె? ఆ పైస్థాయి ఈ వయసులో యాడ అందతాది? నలుగుర్లో నగుబాటెందుకు" అన్నాడు దేవరాజన్. ఆమె పాడతానని అనలేదు. అంటుందేమోనన్న ఆలోచన ఆయనకు వచ్చినందుకే ఆమెకు లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగి, వెంటనే సిగ్గేసింది.

కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని హాలు గుమ్మం దగ్గరకు వచ్చేసరికి కవిప్రియ ఆ చివరి పాటే మొదలుపెట్టింది. గొంతు బాగుంది. రికార్డు విని తమిళ అక్షరాల్లో రాసుకున్న కాగితం చూస్తూ పాడుతోంది.

"అమ్మాయా... డుండావేనే... నొచ్చినాత... లుప్పు..."

మరగతం కాళ్లు అక్కడే ఆగిపోయాయి. విరగ్గొట్టిన ఆ ముక్కల్ని మనసు దానంతటదే అతుక్కుంది. అమ్మా, యాడుండావే? నేనొచ్చినా. తలుపు తియ్యే. ఎండలో వచ్చినా.

అది తరాలుగా తమిళ ఊళ్లలో ఉంటున్న వాళ్ల ఇంటి తెలుగు. ఆమె దాన్ని ఎప్పుడూ రాయలేదు, ఆ లిపి ఆమెకు రాదు. ఆ మాటలతో పెరిగింది, అంతే. మూడో ఆల్బం చేస్తున్న రోజుల్లో పుట్టిల్లు ఏంబలంలో అమ్మ అమృతవల్లికి జబ్బు చేసింది. బస్సెక్కితే గంట దూరం. ఇంట్లో మామగారి తద్దినం ఉంది. "తద్దినం పెట్టుకొని కోడలు యాడికి పోయేది? జరమే గదా, నాలుగు దినాలకు అదే తగ్గిపోతాది" అంది మంగళం. దేవరాజన్ గిటారు తీగలు మారుస్తూ, "అమ్మ చెప్పేది వినుకో" అన్నాడు. తద్దినం రోజు పొద్దున్నే అమ్మ పోయిందని కబురొచ్చింది. వడ్డన అయ్యేదాకా విననట్టే ఉండి, ఆ తర్వాత పొమ్మన్నారు. పన్నెండు విస్తళ్లలో వడ్డించి, విస్తళ్లెత్తి, గిన్నెలు తోమి, ఆమె ఏంబలం చేరేసరికి సాయంత్రం నాలుగు. అమ్మను అప్పటికే తీసుకెళ్లిపోయారు. మగవాళ్లంతా వల్లకాట్లో, ఆడవాళ్లు స్నానాలకు. దగ్గరికి వేసిన తలుపు ముందు ఆమె ఒక్కతే చాలాసేపు నిలబడింది. పదకొండు రోజుల తర్వాత స్టూడియోలో, "మాటలొద్దు, నోటికేదొస్తే అది పాడు" అన్నాడు దేవరాజన్. నోటికి అదే వచ్చింది.

"ఆ పదం 'అమ్మాయా' కాదమ్మా" అంది మరగతం తమిళంలో. అందరూ తలలు తిప్పారు. కాఫీ కోసం చేతులు చాచి, ఆగారు. "అమ్మా అని ఆపి, తర్వాత యాడుండావే అనాలి."

కవిప్రియ కాగితం దించింది. "ఇది మీ గొంతేనా అక్కా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇన్నేళ్లలో ఎవరూ ఆమె ముఖం చూసి అడగలేదు. "దీనికి అర్థం ఉందా?"

మరగతం చెప్పింది. నాలుగు వాక్యాలే కాబట్టి చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ముకుందన్ చేతిలోని కర్రలు ఒళ్లో పెట్టుకున్నాడు. దేవరాజన్ లేచి, "ఒక నిమిషం రా" అని మరగతాన్ని వంటింట్లోకి తీసుకెళ్లాడు.

"అదంతా ఇప్పుడెందుకు చెప్పేది? అర్థం తెలిస్తే మామూలు పాటైపోతాది. దాని అందమంతా ఆ తెలీకపోవడంలోనే ఉండాది."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఇరవై నాలుగేళ్లుగా తనకు తాను ఒకటి చెప్పుకుంటూ వచ్చింది: పాట కట్టేటప్పుడు ఆయనకు ఒళ్లు తెలియదు, ఆ మాటలు చెవిన పడి ఉండవు. ఆ ఒక్క నమ్మకం మీదే ఎన్నో క్షమించింది. అమ్మ పోయింది, అత్తగారు పోయింది, ఆర్తి తమిళం తప్ప మాట్లాడదు. ఆ భాషలో ఆమెతో మాట్లాడే మనిషి ఇప్పుడు ఈయన ఒక్కడే.

"నేను పాడేటప్పుడు మీకు అర్థమైందా?" అని అడిగింది.

"అర్థం కాకేం, మనింటి మాటే గదా" అన్నాడు, దానిదేముందన్నట్టు. "టేపు తిరగతా ఉండింది. నడమ ఆపుంటే నువ్వు మళ్లా అట్ల ఏడ్చుండవు."

మరగతానికి ఆ రోజు స్టూడియో నుంచి స్కూటరు మీద ఇంటికి వచ్చేటప్పుడు ఆయన వీపుకు తల ఆనించి కూర్చోవడం గుర్తొచ్చింది. దారంతా ఆయన ఆ పాట గురించే మాట్లాడాడు. ఆయన ఎంత ఆనందంగా ఉన్నాడో అని ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చి రాత్రికి పిండి కలిపింది.

ఆమె పమిటతో చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్లింది. కవిప్రియ ఎదురుగా చాప మీద కూర్చుంది.

"మిగతా పాటలన్నీ నేను నేర్పిస్తానమ్మా. దినమూ పది గంటలకు రా. ఇంటర్నెట్లో నా పేరు మూడు ఆల్బముల కిందా పూర్తిగా వేయించు. ఈ ఒక్కటి మాత్రం పాడొద్దు."

కవిప్రియ దేవరాజన్ వైపు చూడలేదు. "సరే అక్కా" అని, ఆ కాగితం రెండు చేతులతో తీసి మరగతానికి ఇచ్చింది.

"ఏంది మరగతం ఇది? జనం వచ్చేదే దానికోసం" అన్నాడు దేవరాజన్ గుమ్మంలోంచి. గొంతు పెరిగింది. "యాడ ఆ పాట అని అడగతారు. వాళ్లకి నేనేమని చెప్పేది?"

"ఏంబలంలో ఒకామె చచ్చిపోయిందని చెప్పండి" అంది మరగతం. "గంట దూరంలో కూతురుండింది, పంపలేదని చెప్పండి."