ఆరున్నొకటో నంబరు మంచం

నేను ఒక కొలజాడీని. జానెడు మీద రెండు వేళ్ళ పొడుగు, ఒంటి నిండా గీతకో మిల్లీలీటరు చొప్పున నూరు గీతలు, పైన ఒంపుకోవడానికి చిన్న మూతి. మూతి ఉందే గానీ మాట లేదు. ఈ లోటు గురించి నేనెప్పుడూ పెద్దగా బాధపడలేదు, ఒక్క నాలుగు రోజులు తప్ప. ఆ నాలుగు రోజుల కథే మీకు చెప్పాలని.

పుట్టింది ఉత్తరాదిన ఒక గాజు బట్టీలో. ఒకాయన ఊదాడు, ఒకాయన గీతలు గీశాడు, కళ్ళజోడు ముసలాయన నీళ్ళు పోసి పరీక్షించి సరేనని తలూపాడు. అప్పటి నుంచీ నాకు ఒకటే గర్వం, అబద్ధం చెప్పనని. అయితే నా నిజం తెలియాలంటే మనిషి వంగాలి. కంటిని నీటి మట్టానికి దించి చూడాలి. నిలబడి చూస్తే ఒక లెక్క, వంగి చూస్తే ఒక లెక్క. వంగడమంటే మనుషులకు ఎంత కష్టమో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదేమో.

మొదట ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో చేరాను. అక్కడి పిల్లలు పక్కవాడి రికార్డు చూసి ముందు జవాబు రాసుకునేవారు, ఆ తర్వాత నా వైపు చూసేవారు. నేనేం చెప్పినా వాళ్ళకు కావలసిన అంకే వినపడేది. పదకొండేళ్ళు అలా గడిచాయి. ఒకరోజు కుళాయికి తగిలి నా మూతి కొద్దిగా పెచ్చు ఊడింది. పారేయమన్నారు. అటెండరు దేవదానానికి మనసు రాక, కాగితంలో చుట్టి ఇంటికి తీసుకుపోయి భార్య ఎస్తేరమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ పెద్దాసుపత్రిలో పిల్లల ఆపరేషన్ల వార్డుకు హెడ్‌నర్సు.

అక్కడ నా పని వేరు. ఆపరేషన్ అయిన పిల్లల ఒంట్లోంచి గొట్టాల ద్వారా సంచుల్లోకి దిగిన నీరూ నెత్తురూ కొలవడం. ఒక్కో మంచం దగ్గర కొలిచి, బ్లీచింగ్ నీళ్ళలో కడిగి, మళ్ళీ ఇంకో మంచానికి. ఎస్తేరమ్మ గొంతు ఖంగుమంటుంది. వార్డు ఈ చివర కొలిచి అరిచిందంటే ఆ చివర కూర్చున్న చిన్న డాక్టరు రాసుకునేవాడు.

ఉలిగమ్మ ఆ వార్డుకు వచ్చింది ఒక వేసవిలో. ఎనిమిదేళ్ళ పిల్ల, గొర్లు కాసుకునే ఇంట పుట్టింది. గడ్డి వెతుక్కుంటూ అమ్మానాన్నలు మందతో వలసపోతే, నానమ్మ హనుమక్క పిల్లను తీసుకొచ్చింది. కడుపు కుడివైపు ఎత్తుగా ఉబ్బి ఉంది. స్కానింగులో చూస్తే కాలేయంలో కొబ్బరికాయంత నీళ్ళ తిత్తి.

డాక్టర్ పర్వీన్ మంచం అంచున కూర్చుని అడిగింది. "గొర్రెను కోసినప్పుడు కార్జంలో నీళ్ళ బుడ్డలు ఎప్పుడైనా చూశావా పెద్దమ్మా?"

"చూడకేమి డాక్టరమ్మా! అయి కోసి కుక్కకేస్తాము గదా."

"ఆ బుడ్డల్లోనే పురుగు ఉంటుంది. అది కుక్క కడుపులో పెరిగి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కుక్క బొచ్చుకు అంటుకుంటాయి. పిల్ల కుక్కను ముద్దుచేసి, అదే చేత్తో అన్నం తింటుంది."

హనుమక్క నోరు తెరుచుకుని మనవరాలి వైపు చూసింది. "మా కుక్క కరియ దీని పక్కలోనే పండుకుంటాది డాక్టరమ్మా. వాన్ని ఇడిసి ఇది ఉండనే ఉండదు," అంది.

ఆపరేషన్ చేసి తిత్తిని తీసేశారు. తీసిన చోట గోడలో ఆవగింజంత కన్నం ఉంది, అందులోంచి పసురు, అంటే పైత్యరసం, కారుతోంది. ఇలాంటి ఆపరేషన్లలో అది ఒక్కోసారి తప్పదట. కన్నం దానంతటదే పూడుకునేదాకా పసురును బయటికి లాగడానికి కడుపులోంచి ఒక గొట్టం, దాని చివర ఒక సంచి పెట్టారు. "పసురు తగ్గుతూ వస్తే గొట్టం తీసేసి ఇంటికి పంపిస్తాం," అంది డాక్టరు. హనుమక్క ఆ మాటను కొంగున ముడేసుకుంది.

మర్నాడు పొద్దున ఎస్తేరమ్మ సంచి మర తిప్పి నాలోకి ఒంపింది. వెలగాకు రంగు పసురు. నేను రెండుసార్లు నిండి, మూడోసారి నలభై దగ్గర ఆగాను.

"ఏడో బెడ్డు! రెండొందల నలభై!"

హనుమక్క ఉలిక్కిపడింది. వాళ్ళ ఇంట్లో ఏది కొలిచినా ఒకటి అనరు, లాభం అంటారు. ఆరు తర్వాత ఏడు అనరు, ఆరున్నొకటి అంటారు. ఏడు అంటే ఏడవమని నోరారా చెప్పినట్టే కదా! అలాంటిది జబ్బు పిల్లను పట్టుకుని పొద్దున్నే ఏడో బెడ్డు అని అరవడమా?

"అమ్మా, మా గొర్లనే మేము నలుగుర్లో లెక్కబెట్టం. బిడ్డ కడుపులో పసురు లెక్క ఊరంతా ఇనేటట్ల చెప్తే దిష్టి తగల్దా?" అని అడిగింది.

ఎస్తేరమ్మ నవ్వేసింది. "ఇది ఆసుపత్రి పెద్దమ్మా, నీ మంద కాదు."

మరుసటి రోజు తెల్లారీ తెల్లారకముందే ఎండిన వేళ్ళు నన్ను అలమరలోంచి తీశాయి. హనుమక్క సంచి మర తిప్పి నన్ను నిండా నింపుకుని, బాత్రూములో పారబోసి, కడిగి మళ్ళీ అక్కడే పెట్టింది. అరిచే లెక్క చిన్నదైతే దిష్టీ తగ్గుతుందని ఆమె ఆశ. ఆ పొద్దున ఎస్తేరమ్మ అరిచింది నూట నలభై. డాక్టరు మొహం విప్పారింది. ఆ విప్పారిన మొహం చూసి హనుమక్క ప్రాణం లేచివచ్చింది. దిష్టి తగ్గింది, పసురూ తగ్గుతుందని గట్టిగా నమ్మింది. అందుకే ఆ మరుసటి రోజు నన్ను రెండుసార్లు నింపి పారబోసింది. లెక్క నలభైకి దిగింది. నాలుగో రోజూ అలాగే చేసింది, ముప్ఫై.

నిజం నాకు తెలుసు. రెండు వందల ముప్ఫై. నూరు గీతలున్నాయి, ఒక్క మాట లేదు. గాజు పుట్టుక పుట్టినందుకు ఆ రోజు ఏడుపొచ్చింది.

"రేపు గొట్టం లాగేద్దాం," అంది డాక్టర్ పర్వీన్.

హనుమక్క రెండు చేతులూ జోడించింది. ఎందుకో ఉండబట్టలేక అడిగింది. "గొట్టం తీసినాక ఆ పసురు యాడికి పోతాది డాక్టరమ్మా?"

"ఇప్పుడు ముప్ఫైయే కదా, ఇబ్బంది లేదు. రెండొందలు వచ్చేటప్పుడు తీస్తేనే ప్రమాదం. అంతా లోపలే నిలిచి చీము పడుతుంది. మళ్ళీ కడుపు కొయ్యాలి. చిన్నపిల్ల, తట్టుకోవద్దూ?" అనేసి డాక్టరు పక్క మంచానికి వెళ్ళిపోయింది.

ఆ పగలంతా ముసలామె మెతుకు ముట్టలేదు. చెబితే దొంగ అని బయటికి గెంటుతారు, చెప్పకపోతే పిల్ల పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అలమర దగ్గరికి రెండుసార్లు వచ్చి నా వైపు చూసి వెళ్ళింది.

మర్నాడు కత్తెర, దూది పెట్టుకుని బండి వచ్చింది. "నొప్పి పుడ్తాదా అవ్వా?" అంది ఉలిగమ్మ. డాక్టరు కుట్టు కత్తిరించబోయేసరికి హనుమక్క అరచెయ్యి గొట్టం మీద అడ్డం పడింది.

"తీయద్దు తల్లీ! నేనే పారబోస్తి. దిన్నమూ నేనే పారబోస్తి. ఈ పొద్దు ముట్టలేదు. కొలిసి చూడండి."

ఎస్తేరమ్మ వెంటనే సంచిని నాలోకి ఒంపింది. నిండాను. మళ్ళీ నిండాను. మూడోసారి డాక్టర్ పర్వీన్ స్వయంగా నేల మీద మోకాళ్ళూని, కంటిని నా గీతకు ఆనించి చూసింది. అంత పెద్ద డాక్టరు అంతగా వంగడం నేను చూడలేదు. ముప్ఫై. మొత్తం రెండు వందల ముప్ఫై.

లేచేటప్పటికి ఆవిడ మొహం కందగడ్డలా ఉంది. ఏదో అనబోయింది. ఎస్తేరమ్మే అడ్డుపడింది. "తప్పు నాది కూడా డాక్టర్. మొదటిరోజే చెప్పుకుంది. నేను నవ్వేశాను."

డాక్టరు కత్తెర బండిలో పడేసి హనుమక్క భుజం మీద చెయ్యి వేసింది. "చెప్పి బతికించావు," అంది.

మరునాటి నుంచి ఎస్తేరమ్మ అరవలేదు. హనుమక్కను పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను నింపి, "లాభం" అంది మెల్లగా. రెండోసారి నింపి "రెండు" అంది. చిన్న డాక్టరు దగ్గరికొచ్చి రాసుకున్నాడు. మంచం తలవైపు పలక మీద ఏడు చెరిపేసి సుద్దతో 6+1 అని ఎవరు రాశారో గానీ, ఎవరూ చెరపలేదు.

పసురు మాత్రం మన మాట వింటుందా? నూట తొంభైకి దిగి మళ్ళీ రెండొందల పదికి ఎక్కింది. రెండు రోజులు జ్వరం కాసింది. ఇంకో వారం చూసి తగ్గకపోతే పై ఆసుపత్రికి పంపి, నోట్లోంచి గొట్టం దింపి పసురు దారి సరిచేయాలన్నారు. ఆ వారం ఆరో రోజున నేను ఒక్కసారి కూడా నిండలేదు. తొంభై! హనుమక్క లాభం అనడానికి కూడా భయపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత నలభై, పద్దెనిమిది. ఆపైన ఒక పొద్దున నా అడుగున కాసింత తడి. ఎస్తేరమ్మ వంగి చూసింది. చెప్పబోయి ఆగి, నవ్వింది.

"ఆరున్నొకటి," అంది.

ఆ మరుసటి రోజు అదీ లేదు. గొట్టం తీశారు, పెద్దగా నొప్పి పుట్టలేదు.

ఇప్పుడు వార్డుకు ప్లాస్టిక్ జాడీలు వచ్చాయి. నేను కిటికీలో పెన్నులు మోస్తున్నాను. కొలిచిన ఒంటికి మోయడం నామోషీయే, కానీ ఇక్కణ్ణుంచి వార్డంతా కనిపిస్తుంది. మొన్న ఉలిగమ్మ నానమ్మతో ఏడాది స్కానింగుకు వచ్చింది. కాలేయంలో ఏమీ లేదట. కరియకు సంగటి ముద్దలో పురుగుల మాత్ర పెట్టి మింగిస్తున్నారట, గొర్రెను కోస్తే బుడ్డల్ని లోతుగా పూడ్చేస్తున్నారట. పిల్ల వేళ్ళు లెక్కబెట్టుకుంటూ డాక్టరుకు చెప్పింది, లాభం నుంచి మొదలుపెట్టి.

దాని పాత మంచం మీద ఒక పిల్లాడు ఉన్నాడు, కడుపుకు గొట్టం. వాళ్ళమ్మ సంచిని చీర కుచ్చెళ్ళ చాటున దాచి కూర్చుంది. హనుమక్క వెళ్ళి పక్కన కూలబడింది. కుచ్చెళ్ళు తొలగించి సంచిని నలుగురికీ కనపడేలా పైకి తీసింది.

"దాయొద్దమ్మా. ఒక్క సుక్క గూడా పారబొయ్యొద్దు. ఎంతుంటే అంత సూపీ, భయపడొద్దు. లెక్క నేను నేర్పిస్తా," అంది. "ముందు లాభం అను."

"లాభం," అంది ఆ తల్లి.