గింజ కొరికే పళ్లు

వడ్ల వ్యాపారికి తక్కెడ ఎంతో, పళ్లూ అంతే. తూకంలో తేడా వస్తే మళ్లీ తూయించుకోవచ్చు. తడి గింజ కొంటే మాత్రం ఆ తప్పు బస్తాలోనే కూర్చుని వేడెక్కుతుంది. మా వాకాడు పక్క కళ్లాల్లో ఈ బాధ మరీ ఎక్కువ. పగలు ఎండకు గలగలలాడిన వడ్లు తెల్లారేసరికి సముద్రపు గాలికి మెత్తబడతాయి. అందుకే రాశి అడుగు నుంచి గింజ తీసి, కొరికి చూస్తేగాని నేను బేరం మాట్లాడేవాణ్ణి కాదు. ఎండిన గింజ టక్కున విరుగుతుంది. తడిది పంటి కింద అణుగుతుంది. "కామాక్షయ్య శెట్టి కొరికినాడు" అంటే చాలు, నెల్లూరు మిల్లు యజమాని గంగాధరం గారు బస్తా విప్పకుండానే దించుకునేవారు.

ఆ పళ్లే పోయాయి. గోతాలు కుట్టిన పురికొసను ఏళ్ల తరబడి పళ్లతో తెంచితే ఏ పళ్లు నిలుస్తాయి? కత్తెర ఖర్చు మిగిలింది, నోరు బోసిపోయింది. పై వరుసలో మిగిలినవి కూడా కదులుతుంటే, నెల్లూరులో పళ్లు కట్టే జీవానందం దగ్గరికి పోయి తీయించేశాను.

"నారు నాటినట్టు ఒక్కొక్కటీ చిగుళ్లో నాటెయ్యగూడదా అబ్బయా?" అన్నాను.

"అట్టా నాటే విద్య నా చేతికొస్తే మొదట మీకే నాటతాను శెట్టిగారూ. ఇప్పటికి ఈ సెట్టుతో సరిపెట్టుకోండి" అని, గులాబీరంగు చిగుళ్లతో సహా పై వరుస మొత్తం చేసి పెట్టాడు.

అద్దంలో చూసుకుంటే పెళ్లికొడుకులా ఉన్నాను. మా ఇంటావిడ ఆదిశేషమ్మ నా మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. "పళ్లు బాగుండాయి. మనిషే పాతోడు" అంది.

మాఘమాసంలో నూర్పిళ్లు మొదలయ్యాయి. రైతు చెంచురామయ్య కళ్లంలో తొలి రాశి కొన్నది నేనే. రైతులందరి ముందూ గింజ కొరికాను. టక్కుమంది. "ఎండినాయి, బస్తాలకెత్తండి" అన్నాను.

లోడు పోయిన కొద్దిరోజులకే మిల్లు గుమాస్తా నరసయ్య మా ఇంటి ముందు బస్సు దిగాడు. "బస్తాలో చెయ్యి పెడితే పొయ్యిలో పెట్టినట్టుండాది శెట్టిగారూ. ఇంకో లోడు ఇట్టాగే వస్తే గూడూరు వాళ్ల దగ్గర కొనుక్కుంటానన్నాడు మా యజమాని."

అతను పోయాక గుప్పెడు వడ్లు నానబెట్టి, దొడ్లోకి తీసుకెళ్లి ఒకటి కొరికాను. టక్కుమంది. ఇంకోటి కొరికాను. అదీ టక్కే. తడి గింజ మెత్తగా అణుగుతోంది, సెట్టు జారి కింది పళ్లకు కొట్టుకుంటోంది. కళ్లంలో నేను విన్నది గింజ చప్పుడు కాదు, సెట్టు చప్పుడు!

"ఏంది, ఒక్కరే తాళం వేసుకుంటా ఉండారు?" అంది ఆదిశేషమ్మ, వక్క పటుక్కున కొరుకుతూ. సంగతి చెప్పాను.

"నా పళ్లు ఖాళీగానే ఉండాయి గదా. నన్ను బండెక్కించండి."

"కళ్లంలోకి ఆడమనిషా? నవ్వుతారే!"

"నవ్వనీండి. వాళ్లకు పళ్లుండాయి, నవ్వుతారు."

లెక్క వేసుకున్నాను. నవ్వులు నూర్పిళ్లతో సరి. మిల్లు చెయ్యిజారితే మళ్లీ దొరకదు. బండి కట్టించాను.

చెంచురామయ్య రెండో రాశి దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏం శెట్టీ, నెల్లూరు పళ్లు పెట్టెలో పెట్టి ఇంటి పళ్లు పట్టుకొచ్చినావా?" అన్నాడు. కళ్లమంతా నవ్వింది.

ఆదిశేషమ్మ మోచేతి దాకా రాశిలోకి చెయ్యి దూర్చి, అడుగు గింజ తీసి కొరికి ఉమ్మేసింది. "పచ్చిగా ఉండాయన్నా. ఎండలో తిరగబోయాల."

"పైన గింజ చూడక్కా, ఎట్టుండాదో."

"పైనవి మీ గాదెకూ, అడుగువి మా బస్తాలకూనా?"

ఈసారి జనం చెంచురామయ్యను చూసి నవ్వారు. ఆయనకు రోషం వచ్చింది. "గూడూరు వ్యాపారి ఉన్నవున్నట్టే ఎత్తుకుపోతానన్నాడు."

సరే, ఉన్నవే ఎత్తుకుంటామందామని నేను నోరు తెరిచేలోగా ఆమె అనేసింది. "అయితే ఆయనకే ఇయ్యండన్నా. రేపు వేడెక్కితే ఆయనే వచ్చి అడుగుతాడు." అని బండెక్కి కూర్చుంది. నేనూ ఎక్కక తప్పలేదు.

బండి గట్టు దాటుతుండగా వెనకనుంచి కేక వినబడింది. "అక్కా! రేపు పొద్దుగూకే దాకా ఎండబోస్తా. వచ్చి చూసుకో!"

మర్నాడు ఆమె కొరికితే గింజ విరిగిన చప్పుడు నాకు కూడా వినబడింది. లారీతోపాటు నేనూ నెల్లూరు పోయాను. గంగాధరం గారు ఈసారి బస్తా విప్పించారు. లోపలికి చెయ్యి దూర్చి కాసేపు ఉంచారు. ఆయన చెయ్యి తీసి, పొట్టు దులుపుకున్నారు.

"ఎవరు కొరికింది?"

"మా ఇంటావిడ."

"ఇకమీదట ఆమెనే కొరకమను" అన్నారు. నరసయ్య వైపు తిరిగి, "శెట్టికి కాఫీ ఇప్పించు. తర్వాతి లోడుకు ఖాళీ గోతాలు లారీకెత్తించు" అన్నారు.

గోతాలతో ఇల్లు చేరేసరికి ఆదిశేషమ్మ బండిలో చాప పరుచుకుని కూర్చుని ఉంది. "ఇంతసేపా? ఎండ పోతే పక్కూరి వాళ్ల రాశి మెత్తబడతాది, ఎక్కండి" అంది.