జోడీ లేని పోటీ

వరంగల్ కొత్తవాడలో లింగమూర్తిని చూసి నవ్వనివాళ్లు తక్కువ. ముప్పై అయిదేళ్లు వచ్చినా పెళ్లి కాలేదని కొందరు నవ్వేవాళ్లు, తెల్లారకముందే నిక్కరు తొడుక్కుని ఖిల్లా దాకా పరుగెత్తి వస్తాడని మరికొందరు. "ఎవడన్న తరుముతాండా లింగమూర్తీ?" అని అడగడం వాడకట్టు మొత్తానికి రోజూ ఉండే వేడుక. తరమడానికైనా అతనికి ఎవరూ లేరు. అమ్మా నాయినా ఎప్పుడో పోయారు. కేసముద్రంలో ఒక అక్క ఉంది కానీ ఏడాదికోసారి కనపడితే గొప్ప.

ఉన్నదల్లా కైలాసం. పెద్ద జంపఖానా నేయాలంటే ఒక్కడి చేతులు చాలవు. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చోవాలి. ఒకడు పోగు చుట్టిన నాడె తోస్తే రెండోవాడు అందుకోవాలి, పోగును దగ్గరికి కొట్టే దెబ్బ ఇద్దరిదీ ఒకేసారి పడాలి. కైలాసం ఇంట్లోని మగ్గం మీద పన్నెండేళ్లు అతని ఎడమ పక్కన కూర్చున్నది లింగమూర్తే. మధ్యాహ్నం కైలాసం భార్య లచ్చవ్వ ఇద్దరికీ కలిపే అన్నం పెట్టేది. పెళ్లాం లేనివాడికి ఆ జోడీయే సంసారం. మాటలు పెద్దగా ఉండేవి కావు. పక్కన ఇంకొకడి భుజం ఆడుతుంటే మాటల అవసరం ఏముంటుంది?

అలాంటివాడికి సారంగపాణి తగిలాడు. హన్మకొండలో బ్యాంకు గుమాస్తా, కుర్రాళ్లను పోగేసి వ్యాయామ సంఘం పెట్టినవాడు. ఎవరో విదేశం నుంచి తెచ్చిన పత్రికలో బొమ్మ చూసి ఆయనకు పూనకం వచ్చింది. ఒకే రోజు ఈదాలి, ఆగకుండా సైకిలు తొక్కాలి, ఆ మీదట పరుగెత్తాలి. దాన్ని ట్రయథ్లాన్ అంటారట. పలకడానికి నోరు తిరగక ఊళ్లో 'మూడింటి పోటీ' అన్నారు. వడ్డేపల్లి చెరువులో ఈత, అక్కడినుంచి నర్సంపేట పోయి వచ్చే దాకా సైకిలు, హన్మకొండ గ్రౌండు నుంచి ఖిల్లా దాకా పోయి మళ్లీ గ్రౌండుకు పరుగు. పందొమ్మిది వందల ఎనభై ఆరు మాఘమాసంలో ఒక ఆదివారం పోటీ అన్నారు. ఏడాది ముందే పేరు ఇచ్చినవాడు లింగమూర్తి. ఎందుకంటే, పరుగెత్తేటప్పుడు ఖాళీ ఇల్లు గుర్తుకు రాదు, అంతే.

చిక్కంతా కార్తీకంలో వచ్చింది. మట్టెవాడలో ఒక సేటు ఇంటి పెళ్లికి పెద్ద జంపఖానా మగ్గం మీద సగం దాకా వచ్చింది. ఆ రోజు లింగమూర్తి నర్సంపేట దాకా సైకిలు తొక్కి చూసుకుంటానని, మధ్యాహ్నానికి వచ్చేస్తానని చెప్పి పోయాడు. పోయినవాడు పోయినట్టే వచ్చాడా? నర్సంపేట చేరాక కాళ్లు బాగా ఆడుతున్నాయని ఇంకా ముందుకు తొక్కాడు. అడవి దారిలో టైరు పగిలింది. సైకిలు నడిపించుకుంటూ మర్నాడు సాయంత్రానికి ఇల్లు చేరాడు. పెళ్లివాళ్లు గుమ్మంలో కూర్చుంటే కైలాసం మాత్రం ఏం చేస్తాడు? పక్కింటి బుచ్చిరాములును తెచ్చి లింగమూర్తి చోట కూర్చోబెట్టి పని ముగించాడు.

జంపఖానా దింపి పరిచారు. సరిగ్గా నడుమ గీత. ఒకడి దెబ్బ గట్టిగా పడుతుంది, ఇంకొకడిది మెత్తగా పడుతుంది. రంగులు, చారలు అన్నీ సరిపోయినా చెయ్యి మారిన చోట బట్ట చెప్పేస్తుంది. నేతవాడు ఎవడైనా చీకట్లో తడిమి చెప్పగలడు. పెళ్లివాళ్లు తమకొద్దన్నారు. కైలాసం నేసిన బట్ట వెనక్కి రావడం అదే మొదటిసారి.

లింగమూర్తి వచ్చి తలుపు దగ్గర నిలబడితే కైలాసం అరవలేదు. అరిచినా బాగుండేది. "నువ్వు మంచోనివే లింగా. గని ఏ పని ఆఖరు దాకా కూసోవు. నా పక్కకు ఇగ బుచ్చిరాములు కూసుంటడు" అన్నాడు. లింగమూర్తి తన ఇంట్లో చిన్న మగ్గం వేసుకుని ఒక్కడే పట్టే తువ్వాళ్లు నేసుకున్నాడు. నాడె తనే తోసి తనే అందుకోవాలి. కొన్నిసార్లు అలవాటు కొద్దీ ఎడమ చేతిని ఖాళీగా చాచి పెట్టి, ఎదురు చూసి, సిగ్గుపడి వెనక్కి తీసుకునేవాడు.

అప్పటినుంచి పోటీకి వేరే అర్థం వచ్చింది. దీన్ని ఆఖరు దాకా చేసి చూపిస్తే కైలాసం మళ్లీ పక్కన కూర్చోనిస్తాడు. ఇది అతనంతట అతను అనుకున్నదే, ఎవరూ మాట ఇవ్వలేదు. పోటీకి ముందురోజు నల్లా దగ్గర నీళ్లు పడుతూ లచ్చవ్వ కనపడితే బయటపడ్డాడు.

"వదినె, అన్నను జర రేపు పొద్దుగూకే యాళ్లకు గ్రౌండుకు తోలియ్యవా? ఊకె నిలబడి చూస్తె సాలు."

"తోలిస్త తియ్యి. నువ్వు ఫికర్ జేయకు. ఇంట్ల మొగం మాడ్సుకుంటడు గని, నువ్వు పరుగెత్తుతాంటె కిటికిల నుంచి చూస్తనే ఉంటడు."

ఆ ఒక్క మాటకు లింగమూర్తికి రెక్కలొచ్చాయి. ఇంటికి పోయి కొత్త నిక్కరుకు గంజి పెట్టాడు. గంజి లేని బట్టతో నలుగురిలోకి పోవడం నేతవాళ్లకు నామోషీ. అందులోనూ ఇది పెద్ద రోజు, కైలాసం చూసే రోజు. మగ్గం మీది పడుగు దారాలకు పెట్టే చిక్కటి గంజి రెండు వాయిలు పట్టించి, ఎండకు ఆరేసి, అట్టలా నిలబడ్డ నిక్కరును చూసి తృప్తిపడ్డాడు. నీళ్లలోకి దిగాల్సిన బట్టకు గంజి పెట్టే వెర్రివాడు వరంగల్ జిల్లా మొత్తంలో ఇంకొకడు ఉండడు.

ఆదివారం మంచులో డజను మంది దాకా చెరువులో దిగారు. మిగతావాళ్లంతా కాలేజీ పిల్లలే. దిగగానే కేరింతలు కొట్టుకుంటూ ముందుకు పోయారు. లింగమూర్తి ఈత బావిలో నేర్చుకున్నది, మెల్లగా సాగుతుంది. నడి చెరువు దాటేసరికి చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఒడ్డు మీద మనుషుల గొంతులు కూడా వినపడడం లేదు. ఇప్పుడు మునిగిపోతే రేపు నల్లా దగ్గర లచ్చవ్వ తప్ప అడిగేవాళ్లుండరనుకున్నాడు. భయం వేసింది. పళ్లు బిగించి ఒడ్డు కేసే చూస్తూ ఈదాడు.

ఒడ్డెక్కి సైకిలు అందుకుంటే నిక్కరు తొడలకు జిగురులా అంటుకుంది. వరంగల్ దాటేసరికి ఎండ ముదిరింది, నీళ్లలో పోగా మిగిలిన గంజి మళ్లీ బిగిసింది. ఇక చూసుకోండి. పెడలు ఒక్కో తిప్పుకు తొడలు ఒరుసుకుపోతున్నాయి. సీటు మీద కూర్చోలేడు, నిలబడి ఎంత దూరమని తొక్కుతాడు? పత్తి బండ్ల వాళ్లు అతని వంకర తొక్కుడు చూసి పకపకా నవ్వారు. ఒక బోరు దగ్గర ఆగి నిక్కరు మీద నీళ్లు గుమ్మరించుకుని అతనూ కాస్త నవ్వుకున్నాడు. ఈ సంగతి చెబితే కైలాసం ఎట్లా నవ్వుతాడో కళ్లముందు కనపడింది. పక్కన చెప్పుకునేవాడు లేక ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

నర్సంపేటలో సంఘం మనిషి అరచేతి మీద సిరా ముద్ర వేసి అరటిపండు ఇచ్చాడు. "ఎనకాల ఇంకెవరన్న ఉన్నరా?"

"లేరు. నేనే ఆఖరు."

"అయితె నేను గూడ బస్సెక్కుత" అన్నాడు ఆ మనిషి సంతోషంగా.

తిరుగుదారిలో ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. ఎర్రటి దుమ్ము, మిరప చేలు, ఆకాశం. ఇంటి దగ్గర ఒంటరితనం గోడల మధ్య ఉండేది, కాబట్టి కొలత తెలిసేది. ఇక్కడ దానికి అంచు లేదు. ఒకచోట పెద్దగా "కైలాసమన్నా!" అని అరిచాడు. తన గొంతు తనకే కొత్తగా వినపడి, బుద్ధి లేదా అని తనను తానే తిట్టుకుని తొక్కాడు.

గ్రౌండులో సైకిలు పారేసి పరుగు మొదలుపెట్టేటప్పటికే గెలిచినవాళ్లకు దండలు వేస్తున్నారు. సారంగపాణి చెయ్యి ఊపాడు. ఖిల్లా దాకా కొంత పరుగు, కొంత నడక, కొంత కుంటడం. అక్కడి రాతి తోరణం ముట్టుకుని వెనక్కి తిరిగి కొత్తవాడ మూల మీదికి వచ్చేసరికి ఎండ పచ్చబడింది. అక్కడ లచ్చవ్వ నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొహం చూడగానే లింగమూర్తికి అర్థమైంది.

"రాలె లింగమూర్తీ. ఎంత జెప్పినా లేవలె. పని మీదున్న, నడిమిట్ల లేవ అన్నడు." చెంబు అందించి, అతని కాళ్లు చూసి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "గ్రౌండ్ల అందరు పోయిండ్రట. నువ్వు యాడనో ఇడిసిపెట్టినవనుకున్నరట. పొద్దుగూకుతాంది. ఇంటికి పోదాం దా. ఎవరున్నరని ఉరుకుతవు?"

ఎవరున్నారని? నిజమే. సందులోంచి మగ్గాల చప్పుడు వస్తోంది. అందులో కైలాసం దెబ్బ ఏదో లింగమూర్తికి తెలుసు. ఇక్కడే తిరిగిపోయి, ముగించానని చెబితే కాదనేవాళ్లు లేరు. కైలాసం నమ్ముతాడు కూడా. ఆ నమ్మకానికే అతనికి భయం వేసింది. ఇక్కడ ఆగితే ఆ రోజు కైలాసం అన్న మాట నిజమైపోతుంది, అది తనొక్కడికే తెలుస్తుంది, బతికున్నన్నాళ్లూ తెలుస్తూనే ఉంటుంది. ఖాళీ చెంబు ఆమె చేతిలో పెట్టి, "అస్త వదినె" అని హన్మకొండ వైపు కదిలాడు.

గ్రౌండు గేటుకు వాచ్‌మన్ వెంకట్రాజం తాళం వేస్తున్నాడు.

"జర గేటు తియ్యి తాతా. లోపట పోటీది ఆఖరు సున్నం గీత ఉన్నది. గా గీత దాటి పోత."

"గీత దాటేది ఏందిరా? పొద్దుగాల రారాదు?"

"పొద్దుగాల కాదు తాతా. ఇప్పుడే."

ముసలాయన గొణుక్కుంటూ మనిషి పట్టేంత తీశాడు. మైదానంలో వాడిపోయిన దండల పూలు, కాగితాలు. సున్నం గీత జనం తొక్కి సగం చెరిగిపోయింది. లింగమూర్తి కుంటుకుంటూ దాన్ని దాటి నిలబడ్డాడు. ఏదో అవుతుందనుకున్నాడు. ఏమీ కాలేదు. ఏడుపు వచ్చింది, కొంచెం ఏడిచాడు.

"అయిందా?" అని గేటు దగ్గరనుంచి వెంకట్రాజం కేకేశాడు.

"అయింది."

"అయితె జల్ది నడువు. తాళమెయ్యాలె."

కైలాసం ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. మగ్గం మీద కైలాసం, అతని ఎడమ పక్కన బుచ్చిరాములు. లింగమూర్తి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కైలాసం తల ఎత్తి, సిరా ముద్ర ఉన్న చెయ్యి, దుమ్ముకొట్టుకుపోయిన కాళ్లు, పుండ్లు పడ్డ తొడలు అన్నీ చూశాడు.

"ఆఖరు దాంక పోయినవా?"

"పోయిన."

"ఎవరు చూసిండ్రు?"

"ఎవ్వరు చూడలె అన్నా. గేటు కాడి తాత చూసిండు. గాయనకు ఏం సమజ్ కాలె."

 కైలాసం చేతిలో నాడె ఆగిపోయింది. "నేను రావాల్సి ఉండె" అన్నాడు మెల్లగా. పన్నెండేళ్లలో అతని నోట అలాంటి మాట వినలేదు. బుచ్చిరాములు మంచివాడు. ఇద్దరి మొహాలూ చూసి, గోచీ దులుపుకుని లేచాడు. "కూసో లింగన్నా. గిది నీ జాగనే. నేను రేపటి సంది మా అన్న దగ్గర పని చూసుకుంట" అని పక్కకు జరిగాడు.

చోటు ఖాళీ అయింది. కైలాసం నాడెను ఎడమ వైపుకు పెట్టి చూస్తున్నాడు. కార్తీకం నుంచి లింగమూర్తి ఈ ఒక్క చూపు కోసమే చెరువు ఈదాడు, రోడ్లు తొక్కాడు. రెండడుగులు ముందుకు వేశాడు. మగ్గం మీద జంపఖానా సగం దాటింది. నీలం చారలు, తెల్ల చారలు. వంగి అరచేయితో తడిమాడు. దెబ్బ సమంగా పడింది. ఇద్దరి చేతులూ కుదిరాయి.

"బాగ నేసిండ్రు" అన్నాడు. తర్వాత బుచ్చిరాములు భుజం పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టాడు. "సగం మీదున్నది. లేవకు. ఆఖరు దాంక నువ్వే కూసోవాలె."

లచ్చవ్వ అన్నం తినిపొమ్మంది. ఆకలి లేదన్నాడు, అబద్ధమే. తలుపు దాటి సందులోకి వచ్చాక వెనక నాడె కదిలింది. రెండు దెబ్బలు ఒకేసారి పడ్డాయి. కైలాసం ఉండమని అనలేదు. ఒక్కసారి అంటే బాగుండునని లింగమూర్తి తన ఇల్లు చేరేదాకా అనుకుంటూనే ఉన్నాడు.