సగం పూట సాక్ష్యం

పొయ్యి మీద చాయ్ పొంగేసరికి ముందుగదిలో పాట మొదలైంది. ఇవాళ కూడా ప్రార్థన కూడిక ఆరాధన వాళ్లింట్లోనే.

నూలు మిల్లుకు గిరాకీ పడిపోయింది. మనుషులను తీసెయ్యడం ఎందుకని అందరికీ సగం పూటే పని ఇస్తున్నారు. ఆరాధనా, ఆమె మొగుడు దేవదాసూ ఒకే మిల్లు, ఒకే షిఫ్టు. జీతం ఇద్దరికీ సగమైంది. పని మాత్రం ఒక్కరికే తగ్గింది.

మొదటిరోజు మధ్యాహ్నం మిల్లు గేటు దాటుతుంటే, ఇన్నేళ్లకు పగటిపూట కాసేపు నడుము వాల్చవచ్చని ఆమెకు చిన్న ఆశ పుట్టింది. ఇంటికొచ్చేసరికి చాప, ముందే చేరిన దేవదాసు కింద ఉంది. పాపం, ఆయనకు దిగులు. దిగులుకు ఫ్యాన్ కావాలి, నిద్ర కావాలి, లేచాక చాయ్ కావాలి. మగవాడి దిగులుకు ఎంత చాకిరీ చెయ్యాలో ఆమెకు అప్పుడే తెలిసింది. అత్త సత్తవ్వ మాత్రం మురిసిపోయింది. ఇన్నొద్దులు చర్చోళ్లను పిలుద్దామంటే నీకు తీరలే, ఇప్పుడు ఖాళీగనే ఉంటున్నవు గదా అని కోడలితో అనేసి, సంఘంలో అందరికీ మాట ఇచ్చేసింది. అప్పటినుంచి మధ్యాహ్నమైతే చాలు, ఇల్లు ఊడవడం, ఉప్మా, చాయ్, గ్లాసులు కడగడం. ఆ తడి చేతులతోనే రాత్రి వంట.

పాస్టరు ఇవాళ, కష్టకాలంలో ఓపిక పట్టిన తమ్ముడు దేవదాసు కోసం చాలాసేపు ప్రార్థించాడు. దేవదాసు కళ్లు మూసుకుని ఆ ఓపికంతా తనదేనని ఒప్పుకున్నాడు. ఆరాధన వంటింటి గుమ్మంలోంచి ఆ ముఖాన్ని చూసింది. మధ్యాహ్నపు నిద్రకు చెంపమీద పడిన చాప అచ్చులు ఇంకా పోలేదు.

దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అని పాస్టరు అడిగాడు. ఏ కూడికలోనూ నోరు విప్పని ఆరాధన కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సత్తవ్వ మురిపెంగా జరిగి చోటిచ్చింది.

"దేవునికి స్తోత్రం. మా మిల్లోళ్లు ఎవ్వరిని తీసెయ్యలే. గంటలు తగ్గించిండ్రు." ఆమె దేవదాసు వైపు తిరిగింది. "నేను గూడ మా ఆయనను తీసేస్తలేను. ఇయ్యాల్టి సంది ఇంట్ల గూడ నాకు సగం పూటనే పని. మిగిలింది ఆయన జేస్తడు."

దేవదాసు అందరి వంకా చూసి నవ్వబోయాడు.

"దీనికేమో అయింది" అన్నాడు.

ఆరాధన ఖాళీ గ్లాసులను ఉన్నచోటే వదిలేసి, అతను కూర్చున్న చాప కొస పట్టుకుంది.

"జర లెవ్వు. నా షిఫ్టు అయిపోయింది."